పికప్ ఎత్తు పెంచే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పికప్‌ల గురించే. టెక్సస్‌లో మనవాళ్ళు ఇల్లు కొన్నాక రెండో బండిగా పికప్ తీసుకోవడం మామూలైపోయింది. తీసుకున్న కొన్నాళ్ళకే బండిని పైకి లేపే లిఫ్టు కిట్టు మీదికి, పెద్ద టైర్ల మీదికి మనసు పోతుంది. నాకది తప్పనిపించదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ణి, ఇప్పుడు డల్లాస్‌కి ఉత్తరాన ఒక షాపులో అలైన్‌మెంట్ చూస్తున్నాను. పద్ధతిగా ఎత్తిన బండి ఎక్కడ కనిపించినా వంగి కిందంతా చూడందే నా కాలు ముందుకి కదలదు. పద్ధతి లేకుండా ఎత్తినవి చూసినప్పుడే బాధ. అవి కూడా వారానికి ఒకటైనా నా దగ్గరికి వస్తుంటాయి.

ప్రశ్న: నాది 2021 ఫోర్డ్ ఎఫ్-150 ఎక్స్‌ఎల్‌టీ, ఫోర్ బై ఫోర్. వెనక కంటే ముందు భాగం కిందికి ఉంటుంది. ముందుని వెనకతో సమం చేసే రెండంగుళాల లెవెలింగ్ కిట్టు వేసి, 35 అంగుళాల టైర్లు పెట్టాలని ఉంది. స్పేసర్లు (ఎత్తు కోసం మధ్యలో పెట్టే బిళ్ళలు) తక్కువ ధరకే దొరుకుతున్నాయి, ఒక్క శనివారంలో బిగించేయొచ్చని ఫ్రెండ్ అంటున్నాడు. ముందుకెళ్ళనా? – ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: స్పేసరు బిగించడం శనివారం పనే. మీ ఫ్రెండు చెప్పింది నిజం. అయితే లిఫ్టు కంటే ముందు టైరు సంగతి తేల్చుకోండి. ఎంత ఎత్తాలో ఆ టైరే చెబుతుంది.

మీ బండికి కంపెనీ నుంచి వచ్చింది 275/65 ఆర్18 అయి ఉంటుంది. పక్కగోడ మీద చూసుకోండి. లెక్క సులువు. 275లో 65 శాతం అంటే దాదాపు 179 మిల్లీమీటర్లు. రిమ్ముకి పైన అంత, కింద అంత. మధ్యలో 18 అంగుళాల రిమ్ము. మొత్తం 815 మిల్లీమీటర్లు, అంటే 32 అంగుళాలు. అదే 275/70 ఆర్18 వేస్తే 33 దాటుతుంది. ఈ సైజుని ఫోర్డ్ కంపెనీయే ఎఫ్-150లో ట్రెమర్ అనే మోడల్‌కి వేసి అమ్మింది. 35 మాత్రం రాప్టర్ అనే మోడల్‌కి వేసింది, అదీ ఉత్త టైరు మార్చి ఊరుకోలేదు. ముందు చక్రాల్ని పట్టుకునే ఆర్ములు మార్చి చక్రాల మధ్య వెడల్పు పెంచింది. యాక్సిల్ రేషియో, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క, 4.10 పెట్టింది. 2021 రాప్టర్‌కి వెనక కమాన్ పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టింది. 35 కావాలనే ప్రతి కస్టమర్‌కీ నేను ముందు ఇదే వినిపిస్తాను. కంపెనీ అన్ని మార్చి వేసిన టైరుని రెండు స్పేసర్లతో వేస్తే, మిగతా భారమంతా పాత భాగాల మీదే పడుతుంది.

ఇక స్పేసరు. స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన ముందు భాగం) పైన పెట్టే రకం చేతిలోకి తీసుకుని కొలిస్తే మందం ఒక అంగుళం దగ్గర్లోనే ఉంటుంది. స్ట్రట్ కాలు లోయర్ ఆర్ము మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది కాబట్టి అక్కడి అంగుళం చక్రం దగ్గరికి వచ్చేసరికి సుమారు రెండవుతుంది. ఈ సంగతి తెలియక "దీనికింకో స్పేసరు కలపండి" అనేవాళ్ళున్నారు. అలా కలిపాక చక్రం గుంతలోకి దిగి పూర్తిగా వేలాడినప్పుడు ముందు చక్రాన్ని తిప్పే సీవీ యాక్సిల్ విపరీతంగా వంగుతుంది, అప్పర్ ఆర్ము బాల్ జాయింటు తన హద్దు చివరికి వెళ్ళిపోతుంది. స్పేసరు మీద స్పేసరు ఎవరడిగినా నేను బిగించను. రెండంగుళాలు దాటాలనుకుంటే మంచి కాయిలోవర్లు (స్ప్రింగు, షాకబ్జరు కలిసి వచ్చే జతలు), వాటికి తగ్గ అప్పర్ ఆర్ములు కొనాల్సిందే.

లిఫ్టు వేస్తే కింద ఖాళీ పెరుగుతుందని చాలామంది నమ్మకం. వెనక యాక్సిల్ మధ్యలో గుండ్రంగా వేలాడే డిఫరెన్షియల్‌ని ఒకసారి చూడండి. దారిలో రాయి ఉంటే ముందు తగిలేది దానికే. లిఫ్టు కిట్టుతో అది వెంట్రుకవాసి కూడా లేవదు, ఎందుకంటే యాక్సిల్ చక్రాల మీదే నిలబడి ఉంది. టైరు పెరిగితేనే అది లేస్తుంది, అదీ పెరిగినదాంట్లో సగం. 32 నుంచి 33కి వెళితే అర అంగుళం, అంతే. మీరు వెళ్ళేది కాలువ గట్ల మీదికి, లేక్ దగ్గరి మట్టిదారుల మీదికి అయితే ఆ అర అంగుళానికి తోడు మంచి గ్రిప్పున్న ఆల్-టెర్రైన్ టైరుంటే చాలు.

రిమ్ములు మార్చకండి అనే నా సలహా. మీ ఒరిజినల్ రిమ్ము ఆఫ్‌సెట్, అంటే రిమ్ము నడిమి గీత నుంచి బోల్టులు బిగించే ముఖం దాకా ఉన్న దూరం, ప్లస్ 44 మిల్లీమీటర్లు. చక్రాన్ని బయటికి నెట్టే మైనస్ ఆఫ్‌సెట్ రిమ్ము వేస్తే, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు తిరిగే వలయం పెద్దదై ముందు బంపర్ మూలకీ చక్రం గూట్లో వెనకున్న ప్లాస్టిక్ లైనర్‌కీ రాసుకుంటుంది. వీల్ బేరింగుల మీద బరువు పెరుగుతుంది. అంత చెప్పినా మారుస్తానంటే మూడు సంగతులు చూడండి: ఆరు బోల్టులు, 135 మిల్లీమీటర్ల వలయం, మధ్య రంధ్రం 87.1 మిల్లీమీటర్లు, లేదా ఆ కొలతకి సరిపెట్టే రింగు. నట్ల బిగింపు 150 పౌండ్-ఫీట్, టార్క్ రెంచితో. 50 నుంచి 100 మైళ్ళు నడిపాక మళ్ళీ ఆ రెంచితోనే చూడాలి. ఇంపాక్ట్ గన్‌తో గట్టిగా కొట్టి పంపేస్తే దాన్ని బిగింపు అనరు.

హెడ్‌లైట్ల గురించి మీరు అడగలేదు, అయినా ఈ జవాబులో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది అదే. నాలుగు తలుపుల ఎఫ్-150లో ఎక్కువగా అమ్ముడయ్యేదానికి ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 145 అంగుళాలు. ముందు మాత్రమే రెండంగుళాలు లేపితే బండి మొత్తం కాస్త ఆకాశం వైపు తిరుగుతుంది. 25 అడుగుల దూరంలో గోడ ఉందనుకోండి, ఆ ఒక్క వాలు వల్లే వెలుతురు అంచు నాలుగంగుళాలు పైకి పోతుంది. లైటు కూడా పైకి లేచింది, అది వేరే. మామూలుగా ఆ దూరంలో వెలుతురు అంచు లైటు ఎత్తుకంటే రెండంగుళాల దాకా కిందికి ఉంటుంది. ఇప్పుడది లైటు ఎత్తునే దాటి, ఎదురొచ్చే చిన్న కారు డ్రైవరు కళ్ళలోకి వెళుతుంది. వాన పడే రాత్రి, రెండు లేన్ల రోడ్డు మీద, ఆ చిన్న కారులో ఉన్నది ఎవరైనా కావచ్చు. కిట్టు వేయకముందే సమతలంగా ఉన్న చోట బండి నిలిపి గోడ మీద టేపు అంటించండి: లైటు మధ్యభాగం ఎత్తు, వెలుతురు అంచు ఎత్తు. కిట్టు వేశాక అదే గోడ ముందు నిలిపి, రెండింటి మధ్య తేడా మళ్ళీ అంతే వచ్చేదాకా లైటు వెనకున్న స్క్రూ తిప్పండి. స్క్రూడ్రైవరు తప్ప ఖర్చు లేదు. లైటు మధ్యభాగం నేల నుంచి 54 అంగుళాలు దాటకూడదన్నది టెక్సస్ చట్టం. మీరు దాని దగ్గరికి కూడా రారు, కానీ ఆరంగుళాల లిఫ్టులు వేసేవాళ్ళు టేపు పెట్టి కొలుచుకోవాలి.

2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత బండ్లకి ఏటేటా సేఫ్టీ తనిఖీ లేదు. పొగ పరీక్ష మాత్రం మన డల్లాస్ చుట్టుపక్కల కౌంటీల్లో ఉంది. అందుకని బండి కింద ఏముందో చూసే కన్ను ఇప్పుడు మీదే.

నా లెక్కలో మీ బండికి రెండంగుళాల మంచి లెవెలింగ్ కిట్టు, 275/70 ఆర్18, పాత రిమ్ములు. పని అయ్యాక అలైన్‌మెంట్ చేయించి, కొలతల కాగితం చేతికి తీసుకోండి. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే వెయ్యి డాలర్ల పైన పోసి కొన్న టైర్లు అంచుల్లో అరిగి ఏడాదికే పోతాయి. అద్దం వెనకున్న కెమెరాని కూడా ఎత్తు మారాక కాలిబ్రేట్ చేయించండి. బండి తనంతట తాను బ్రేకు వేసేది దాని చూపుని బట్టే.

ప్రశ్న: మా బాబుకి పదిహేడేళ్ళు. పాత సిల్వరాడో పికప్ కొనిచ్చాం. దాన్ని ముందు పైకి లేపి, వెనక కిందికి దించుతాడట. "స్క్వాట్" అంటాడు. వద్దంటే, నీకు బండ్ల గురించి ఏం తెలుసమ్మా అంటున్నాడు. మీరే ఏదైనా చెప్పండి. – కేరీ, నార్త్ కరోలినా

జవాబు: అమ్మా, మీ రాష్ట్రంలో అది చట్టానికి విరుద్ధం. 2021 డిసెంబరు 1 నుంచి, ముందు ఫెండరు (చక్రం పైనున్న రేకు) ఎత్తు వెనక ఫెండరు కంటే నాలుగంగుళాలు గానీ అంతకు మించి గానీ ఉండేలా బండిని మార్చకూడదు. మళ్ళీ మళ్ళీ పట్టుబడితే లైసెన్సు ఏడాదిపాటు పోతుంది. వర్జీనియా 2022లో, సౌత్ కరోలినా 2023లో ఇలాంటి చట్టాలే తెచ్చాయి. నార్త్ కరోలినాలో ఇంకోటి కూడా ఉంది: రాష్ట్రం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా కంపెనీ ఎత్తు కంటే ఆరంగుళాలకు మించి పెంచకూడదు, దించకూడదు.

చట్టం చెబితే పిల్లలు పోలీసులు లేని వీధులు వెతుక్కుంటారు. అందుకని ఒక పని చేయండి. ఆదివారం మీ ఇంటి ముందు డ్రైవ్‌వేలో బాబుని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టండి. బండి ముందు నేల మీద ఒక బకెట్టు పెట్టి, అది కనిపించేదాకా వెనక్కి జరుపుతూ వెళ్ళండి. కనిపించిన చోటు నుంచి బంపర్ దాకా టేపుతో కొలవండి. మామూలు ఎత్తులో ఉన్న పికప్‌కే ఆ దూరం చూసి పెద్దవాళ్ళు కంగుతింటారు. తర్వాత ముందు చక్రాలు రెండింటినీ ర్యాంపులు ఎక్కించి మళ్ళీ కొలవండి. హుడ్డు పైకి లేచాక దాని వెనక ఎంత రోడ్డు మాయమైందో బాబు కళ్ళారా చూస్తాడు. ఆ మాయమైన చోట పక్కింటి పాప సైకిల్ మీద ఉండొచ్చని మీరు విడిగా చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత వాడి సరదాకి ఒక దారి చూపించండి. పదిహేడేళ్ళ పిల్లవాడు బండి కిందికి దూరి పని చేస్తానంటే నాకు చాలా సంతోషం, ఆ ఆసక్తి చంపొద్దు. కొత్త షాకబ్జర్లు, ముందూ వెనకా సమానంగా నిలబడేలా చిన్న లెవెలింగ్ కిట్టు, కంపెనీ సైజులోనే ఆల్-టెర్రైన్ టైర్లు. మంచి మెకానిక్ పక్కన నిలబడి తన చేతులతో బిగించుకోమనండి. తాను బిగించిన బండిని కుర్రాళ్ళు ఎలా చూసుకుంటారో ఆటోనగర్‌లో చూస్తూ పెరిగాను.

ప్రశ్న: 2019 టయోటా టకోమా టీఆర్‌డీ ఆఫ్-రోడ్, వీ6, ఆటోమేటిక్. ముందూ వెనకా మూడంగుళాల లిఫ్టు వేయించి, 265/70 ఆర్16 తీసేసి 285/70 ఆర్17 పెట్టించాను. అప్పటి నుంచి సిగ్నల్ దగ్గర కదలగానే కింద నుంచి వణుకు. స్టీరింగ్ తిప్పి వెనక్కి తీస్తే టైరు ఎక్కడో రాసుకుంటోంది. కొండదారిలో గేర్లు ఊరికే కిందికీ పైకీ మారుతున్నాయి. మైలేజీ 20 నుంచి 16కి పడింది. కిట్టు వేసిన షాపు వాళ్ళు అలవాటైపోతుంది అంటున్నారు. – డెన్వర్, కొలరాడో

జవాబు: అలవాటవ్వాల్సిన పని లేదు, నాలుగింటికీ కారణాలున్నాయి.

వణుకు ప్రొపెల్లర్ షాఫ్టుది. మీ బండికి అది రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో క్యారియర్ బేరింగ్ మీద వేలాడుతుంది. వెనక మూడంగుళాలు లేచేసరికి షాఫ్టు కోణాలు మారి జాయింట్లు సమంగా తిరగడం లేదు. క్యారియర్ బేరింగ్‌ని కాస్త దించే స్పేసర్లు దొరుకుతాయి, ఖర్చు తక్కువ. దానితో పోకపోతే కమాన్ పట్టీలకీ యాక్సిల్‌కీ మధ్య సన్నని చీలలాంటి షిమ్ములు పెట్టి కోణం సరిచేయాలి. వెనక ఎత్తు దేనితో పెంచారో కూడా చూడండి. అదనపు పట్టీ వేసి ఉంటే మంచిదే. దిమ్మ మీద దిమ్మ పేర్చి ఉంటే వెంటనే తీసేయించండి, బ్రేకు వేసినప్పుడూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ యాక్సిల్ మెలి తిరుగుతుంది. పట్టీలని యాక్సిల్‌కి బిగించే పాత యూ-బోల్టులనే మళ్ళీ వాడారేమో అడగండి. ఒకసారి సాగిన యూ-బోల్టు రెండోసారి అదే బిగువు పట్టదు, కొత్తవి వేయించాలి.

టైరు రాసుకునేది ముందు చక్రం వెనకున్న క్యాబ్ మౌంటుకి. ఈ టకోమాల్లో 33 అంగుళాల దగ్గరికి వెళ్ళిన ప్రతివాళ్ళకీ ఎదురయ్యేది ఇదే. లిఫ్టు ఎంత పెంచినా పోదు, ఎందుకంటే టైరు పైకి తగలడం లేదు, వెనక్కి తగులుతోంది. సర్దుబాటు చేసుకోగల అప్పర్ ఆర్ములు వేసి క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) పెంచితే చక్రం కొంచెం ముందుకి జరుగుతుంది, కొందరికి అది చాలుతుంది. చాలకపోతే మౌంటు మూల కోసి, ప్లేటు వెల్డింగ్ చేసి, తుప్పు పట్టకుండా రంగు వేయాలి. బండి బాడీ ఫ్రేము మీద నిలబడేది దాని మీదే కాబట్టి వెల్డింగ్ బాగా తెలిసినవాడి చేతే చేయించండి. కోయడం ఇష్టం లేకపోతే 265/70 ఆర్17 పెట్టుకోండి, 31.6 అంగుళాలు, గొడవ చాలావరకు అక్కడితో తీరుతుంది.

మైలేజీ లెక్కలో సగం మాయ ఉంది. మీ పాత టైరు 30.6 అంగుళాలు, కొత్తది 32.7. అంటే ఒక్కో చుట్టుకి బండి 7 శాతం దాకా ఎక్కువ దూరం పోతోంది. ఆ సంగతి మీటరుకి తెలియదు. అది 100 మైళ్ళు చూపిస్తే మీరు 107 నడిచారు. కాబట్టి మీరు 16 అనుకుంటున్నది నిజానికి 17 పైన. మిగిలిన నష్టం నిజమే: టైరు బరువు, వెడల్పు, ఎత్తుకి తగిలే గాలి. వేగం సంగతి కూడా అంతే. మీటరు 75 చూపిస్తుంటే మీరు 80లో ఉన్నారు. టిక్కెట్టు వచ్చాక ఆఫీసరుకి ఈ లెక్క చెప్పి లాభం లేదు, ముందే మీటరుని సరిచేయించండి.

గేర్లు మారడం డెన్వర్‌లో మరీ ఎక్కువ తెలుస్తుంది. మీ యాక్సిల్ రేషియో 3.91. పెద్ద టైరు వేశాక అది 3.66లా పని చేస్తుంది. అయిదువేల అడుగుల పైన గాలి పలచన, టర్బో లేని ఇంజనుకి బలం అక్కడే తగ్గిపోయి ఉంటుంది. రెండూ కలిస్తే కొండెక్కేటప్పుడు గేరు నిలవదు. అసలు మందు ముందూ వెనకా క్రౌన్ పినియన్ 4.88కి మార్చడం. రెండు యాక్సిళ్ళూ ఒకేసారి, ఒకే రేషియో. రెండువేల డాలర్లు దాటుతుంది. ఆ డబ్బు పెట్టే ఉద్దేశం లేకపోతే చిన్న టైరుకి రావడమే మేలు. ట్రైలర్ లాగే అలవాటుంటే ఇక ఆలోచించనే వద్దు.

చివరిగా గాలి. కొత్తవి "లోడ్ రేంజ్ E" అని రాసి ఉన్న, ఎక్కువ బరువు మోసే రకం టైర్లయితే తలుపు మీది స్టిక్కరు అంకె వాటికి వర్తించదు. అలాగని పక్కగోడ మీదున్న 80 పీఎస్ఐ పెట్టకూడదు, అది పూర్తి బరువు మోసేటప్పటి అంకె. టైరు కంపెనీ ఇచ్చే బరువు-గాలి పట్టిక చూసి పెట్టే షాపుకి వెళ్ళండి.

ప్రశ్న: లిఫ్టు వేస్తే వారంటీ మొత్తం పోతుందని డీలరు అంటున్నాడు. – హ్యూస్టన్, టెక్సస్

జవాబు: మొత్తం పోదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, మీరు బయట వేయించిన భాగం వల్లే ఆ చెడు జరిగిందని చూపించగలిగితేనే ఆ రిపేరుకి వారంటీ కాదనగలరు. రేడియో పాడైతే లిఫ్టు సాకు చెప్పలేరు. సీవీ జాయింటు విరిగితే మాత్రం చెప్పగలరు, చెబుతారు కూడా. మీ ఇన్సూరెన్సు వాళ్ళకి మార్పులన్నీ బిల్లులతో సహా ముందే తెలియజేయండి.

ప్రశ్న: మాది గుంటూరు పక్కన పల్లె. ఇసుజు వి-క్రాస్ ఉంది. వానాకాలంలో మిరప చేల దాకా వెళ్ళాలంటే బురదలో దిగబడుతోంది. డల్లాస్‌లో ఉండే మా బావ సంక్రాంతికి వస్తూ లిఫ్టు కిట్టు పట్టుకొస్తానంటున్నాడు. వేయించమంటారా? – గుంటూరు జిల్లా

జవాబు: వద్దండీ. మీ బండి మన శ్రీసిటీలో తయారైందే. అమెరికాలో ఇసుజు పికప్‌లు అమ్మడం లేదు, అక్కడి ఫోర్డ్, టయోటా కిట్లు దీనికి సరిపడవు. దీనికి పనికొచ్చేవి ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్ నుంచి వస్తాయి. ఏవి తెచ్చినా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది: కంపెనీ ఇచ్చిన కొలతలకి, రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో ఒక్కో మార్పుకి అయిదువేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు ముందు చూసేదీ అదే.

పైగా మీ ఇబ్బంది ఎత్తుది కాదు, పట్టుది. నల్లరేగడి బురద టైరు గాళ్ళలో నిండిపోతే ఎంత ఎత్తు బండైనా అక్కడే తిరుగుతుంది. మీ రిజిస్ట్రేషన్‌లో ఉన్న సైజులోనే, వెడల్పాటి గాళ్ళున్న ఆల్-టెర్రైన్ టైర్లు నాలుగూ ఒకే రకం వేయించండి. రెండు ముందు కొత్తవి, రెండు వెనక పాతవి పెడితే ఫోర్ బై ఫోర్‌కి మంచిది కాదు. చేల దారిలో దిగే ముందు గాలి 20 పీఎస్ఐ దగ్గరికి దించండి, టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని పట్టు దొరుకుతుంది. ఫోర్-లోలో (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిరిగే స్థితిలో), రెండో గేర్లో, ఆగకుండా నెమ్మదిగా పోనివ్వండి. దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే యాక్సిల్ దాకా కూరుకుపోతుంది. తారురోడ్డు ఎక్కే ముందు మాత్రం గాలి మళ్ళీ పూర్తిగా పట్టాలి, తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. అందుకు బ్యాటరీకి తగిలించుకునే 12 వోల్టుల కంప్రెసరు కావాలి. కిట్టు బదులు మీ బావగారిని అది పట్టుకు రమ్మనండి, సూట్‌కేసులో పట్టేస్తుంది.